ఈల రాని పళ్ళు

మూడోసారి కూడా ఆ పళ్ళ సెట్టు తిరిగి వచ్చింది.

తడిగుడ్డలో చుట్టిన పొట్లాన్ని బల్ల మీద పెట్టి కౌంటర్ అమ్మాయి పక్కన నిలబడింది. పొట్లానికి గుండుసూదితో గుచ్చిన చీటీ మీద డాక్టరు రాత: "సరిపోలేదు. మళ్ళీ చెయ్యాలి." అంతే. పైదో, కిందదో, వదులో, బిగుతో ఏమీ లేదు.

పళ్ళక్క స్పిరిట్ దీపం ఆర్పింది. చేతులు తుడుచుకుని, గుడ్డ విప్పి, కట్టుడు పళ్ళను ప్లాస్టర్ దవడ మీద కూర్చోబెట్టింది. బొటనవేలితో ఒక పక్క నొక్కింది, మరో పక్క నొక్కింది. ఇసుమంతైనా కదల్లేదు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకి అడ్డంగా పట్టి చూసింది. దవడకీ పళ్ళ సెట్టుకీ మధ్య వెంట్రుక దూరేంత వెలుగు కూడా కనబడలేదు. సరిపోవడమంటే ఇంతకన్నా ఏముంటుందో ఆమెకు తెలియదు.

ఇరవై ఆరేళ్ళుగా ఆమె ఆ పళ్ళ ఆస్పత్రి వెనక గదిలో ఇదే పని చేస్తోంది. డాక్టరు తీసి పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోస్తుంది, గులాబీరంగు మైనంలో పళ్ళు ఒక్కొక్కటే నాటుతుంది, ఉడకబెడుతుంది, రుద్దుతుంది, మెరుగు పెడుతుంది. అందుకే అందరూ ఆమెను పళ్ళక్క అంటారు. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు. ఆమె దగ్గరికి నోళ్ళే వస్తాయి, అవీ ప్లాస్టర్‌లో. మనుషులు ముందు గదిలోనే ఆగిపోతారు.

తలుపు తోసుకుని డాక్టరు వచ్చాడు. ఆమె పనిలో చేరినప్పుడు ఇతను బడికి పోయేవాడు, అప్పుడు డాక్టరు ఇతని తండ్రి.

"ఏంటండీ ఇది? కొలతలు చూసే చేస్తున్నారా, కళ్ళు మూసుకుని చేస్తున్నారా?"

"ఎక్కడ సరిపోలేదో చెబితే..."

"చెప్పేదేముంది? మూడుసార్లు ఒకే మనిషికి! బయట కూర్చున్నవాళ్ళంతా చూస్తున్నారు. ఇంకోసారి తిరిగొచ్చిందంటే కట్టుడు పళ్ళ పనంతా బయట ల్యాబ్‌కి ఇచ్చేస్తాను. తర్వాత చెప్పలేదనుకోవద్దు."

అతను వెళ్ళిపోయాడు. పళ్ళక్క చెవులు ఎర్రబడ్డాయి. ఎదురు చెప్పడం ఆమెకు చేతకాదు. మైనం కత్తి తీసి అంటుకున్న మైనాన్ని గోటితో గీకుతూ కూర్చుంది. కత్తి ఎప్పుడో శుభ్రమైపోయినా గీకుతూనే ఉంది.

కౌంటర్ అమ్మాయి ఇంకా కదల్లేదు.

"అక్కా, ఒక మాట చెప్పనా? ఆ పళ్ళ ముసలాయన సరిపోలేదనలేదు. మూడుసార్లూ నేను అక్కడే ఉన్నాను. తింటున్నాను, మాట్లాడుతున్నాను, అన్నీ బాగానే ఉన్నాయి అనే అన్నాడు."

"మరి?"

"ఈల రావట్లేదట."

"ఏది రావట్లేదట?"

"ఈల అక్కా, ఈల. డాక్టరు గారు నవ్వేసి చీటీ రాసేశారు. ఈల రావట్లేదని ఎలా రాస్తారు మరి?"

పళ్ళక్క లేచింది. ముందు గదిలోకి రోగుల వేళలో ఆమె ఎప్పుడూ పోదు. ప్లాస్టర్ మరకల ఆప్రాన్ విప్పాలని కూడా తోచలేదు.

గోడవారన కుర్చీలో ఒక పొడుగాటి ముసలాయన కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మీద పెట్టుకున్న చేతులు మనిషికి మించిన సైజులో ఉన్నాయి. పళ్ళు లేక బుగ్గలు లోపలికి పోయాయి. పక్క కుర్చీ ఖాళీగా ఉంటే ఆమె కూర్చుంది.

"మీ పళ్ళు చేసింది నేనేనండీ."

ఆయన ఒక్కసారి కంగారుపడ్డాడు. "అయ్యో, నిన్నేమైనా అన్నాడా అమ్మా డాక్టరు? నేను పళ్ళకి వంక పెట్టలేదు. దేవుడి మీద ఒట్టు. బంగారంలా చేశావు."

"అదికాదు బాబాయిగారూ, ఈల సంగతేంటో చెప్పండి."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. ముప్ఫైనాలుగేళ్ళు కరెంటు లైన్‌మన్‌గా పనిచేశాడట. స్తంభం ఎక్కాక పైన పనిచేసినంతసేపూ ఈల వేస్తూ ఉండేవాడట. కింద తాడు పట్టుకున్నవాడు తల పైకెత్తి చూసే పని లేదు. ఈల వినిపిస్తోందంటే పైన మనిషి క్షేమం.

"ఉద్యోగం పోయినా ఈల పోలేదు. పొద్దున లేస్తే అదే, గెడ్డం గీసుకుంటూ అదే. ఇంట్లో అందరూ ఉన్నారమ్మా, కొడుకూ కోడలూ మనవలూ. మంచివాళ్ళే. కానీ ఎవరి తొందర వాళ్ళది. నాకు నేనే తోడు. పళ్ళన్నీ తీయించి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు ఇంట్లో నేనున్నానో లేనో నాకే తెలీట్లేదు."

"ఈల వేసేప్పుడు మీ నాలుక ఎక్కడ పెట్టేవారు? పళ్ళ వెనకా, కిందకా?"

ఆయన నోరు తెరిచాడు, మూశాడు, ఆలోచించాడు. "అది చెప్పడం రాదే! నడిచేప్పుడు ఏ కాలు ముందు వేస్తావంటే ఏం చెబుతాం? ముందు రెండు పళ్ళకీ మధ్య పోస్టుకార్డు దూరేంత సందుండేది. అది మాత్రం తెలుసు. నీకొచ్చా ఈల?"

"రాదు" అంది పళ్ళక్క.

"అయితే కష్టమే. వచ్చినవాళ్ళకి చెప్పక్కర్లేదు, రానివాళ్ళకి చెప్పినా తెలీదు."

"మీరు ఏ పాట వేసేవారు?"

"పాటేం కాదు, పేరూ లేదు. స్తంభాల మీద నేనే అల్లుకున్నది." ఆయన పెదాలు బిగించి, ముక్కుతో, మెల్లిగా రాగం తీశాడు. మెట్టు మెట్టుగా పైకెక్కి, పైన ఏదో కాస్త అటూ ఇటూ తిరిగి, మళ్ళీ మెట్లు దిగింది ఆ పాట. ఎదురుగా చంకలో ఫైలు పెట్టుకున్న ఒకాయన పేపరు దించి చూశాడు. లైన్‌మన్ ఠక్కున ఆపేశాడు.

"శనివారం రండి" అంది పళ్ళక్క.

వెనక గదికి వచ్చి కూర్చున్నాక, తాను చెప్పింది అబద్ధమని ఆమెకు గుర్తొచ్చింది. ఈల ఆమెకు ఒకప్పుడు వచ్చు. మేడ మీద నీళ్ళ తొట్టె గట్టున కూర్చుని, తొమ్మిదేళ్ళ పిల్ల, వీధి చివర నుంచి వచ్చే అన్నయ్యకు వినపడేలా ఊదేది. ఒకరోజు ఎవరో చుట్టాలు కింద కూర్చుని ఉండగా ఊదింది. అత్తయ్య మేడెక్కి వచ్చి, అరచేత్తో మూతి మీద కొట్టింది. పెదవి లోపల పన్ను దిగి రక్తం వచ్చింది. ఆ తర్వాత ఎవరూ ఆమెను ఊదొద్దని చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, గదిలో దీపం వేసి, చెప్పులు కూడా విడవకుండా అద్దం ముందు నిలబడింది. పెదాలు సున్నాలా చుట్టింది. అద్దంలో యాభై మూడేళ్ళ మనిషి చేపలా కనిపించింది. నవ్వొచ్చింది. నవ్వితే పెదాలు విడిపోయాయి. మళ్ళీ చుట్టింది. ఊదింది. గాలి. నాలుక కిందికి తోసి ఊదింది. గాలి. అద్దం మీద ఆవిరి పట్టింది.

అన్నం పొయ్యి మీద పెట్టి ఊదింది, గిన్నెలు కడుగుతూ ఊదింది. ఎంత ఊదినా పాముకి జలుబు చేసినట్టు బుస్సుమనడమే తప్ప ఈల రాలేదు. ఎనిమిదింటికి ఎవరో తలుపు కొట్టారు. కింది వాటా ఆవిడ.

"ఏమనుకోకండి, మీ కుక్కర్ మూత రబ్బరు పోయినట్టుంది. గంట నుంచీ ఒకటే గాలి. చూసుకోండి, పేలితే మళ్ళీ ప్రమాదం."

"చూసుకుంటానండీ" అంది పళ్ళక్క. ఆ రబ్బరు మార్చే వీలు లేదని చెప్పలేకపోయింది.

తలుపేసి, కాసేపు ఆలోచించి, ఫోను తీసి అన్నయ్యకి చేసింది. నెలకోసారి అతనే చేస్తాడు. ఆమె చెయ్యడం అరుదు.

"ఏంటే? ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు అన్నయ్య ఎత్తగానే.

"బాగానే ఉంది. ఒకటి అడుగుదామని. మేడ మీద ఈలలు వేసేవాళ్ళం కదా మనం, నాలుక పైన పెట్టేవాళ్ళమా, కింద పెట్టేవాళ్ళమా?"

అవతల టీవీలో ఎవరో గట్టిగా వార్తలు చదువుతున్నారు. "ఈలలా? ఎవరు?"

"మనిద్దరం. రెండు పొట్టివి వేస్తే అమ్మ వస్తోందని. ఒక పొడుగుది వేస్తే గాలిపటం దొరికిందని. నువ్వే కదా నేర్పావు!"

"ఏమోనే, నాకలాంటిదేం గుర్తులేదు. ఇంకెవరితోనో పొరబడుతున్నావు."

"ఇంకెవరితో పొరబడతాను? ఇంట్లో పిల్లలం మనిద్దరమే."

"సర్లే, ఉండొచ్చు. ఇప్పుడెందుకవన్నీ? బీపీ మాత్ర వేసుకుంటున్నావా? ఆదివారం చేస్తాలే."

ఫోను పెట్టేశాక ఆమె మంచం మీద కూర్చుండిపోయింది. అతను గుర్తులేదన్నందుకు కోపం రాలేదు. కానీ ఆ మేడ, ఆ తొట్టె గట్టు, రెండు పొట్టి ఈలలు, ఇన్నాళ్ళూ అవి ఇద్దరి దగ్గర ఉన్నాయనుకుంది. ఇప్పుడు ఒక్కదాని దగ్గరే ఉన్నాయి. తనకూ గుర్తు లేకపోతే ఇక అవి జరగనట్టే.

మర్నాడు పళ్ళక్క లైన్‌మన్ ప్లాస్టర్ దవడలను ముందు పెట్టుకుని, పాత పళ్ళను పక్కన పడేసి, కొత్త మైనం పలక వేడి చేసింది. పలక మెత్తబడి వేళ్ళకు వంగింది. అప్పుడు తోచింది ఆమెకు. ఆయన నోట్లో ఏం జరుగుతుందో ఆయన చెప్పలేడు. తన నోరు తన దగ్గరే ఉంది.

మైనం నుంచి గోరంత ముక్క కోసి, ఊది చల్లార్చి, తన పై పళ్ళ వెనక అతికించింది. నాలుకతో తడిమింది. అక్కడ మందం పెరగగానే నోరంతా పరాయిదైపోయింది. "శనివారం" అని పైకి అంటే శ అనే అక్షరం పక్కకి జారింది. ఈ మూడు సెట్లలోనూ అక్కడే మందంగా వేసింది తాను. గట్టిగా ఉండాలని, విరగకూడదని. ఆ ముక్క తీసి పల్చనిది పెట్టింది. తర్వాత అడ్డంగా చిన్న గట్టులాంటిది. తర్వాత మధ్యలో గాడి తీసినది. ఒక్కోటీ పెట్టడం, ఊదడం, ఉమ్మేయడం.

మధ్యాహ్నానికి బల్ల మీద పదిహేడు మైనం ముక్కలు వరసగా పేరుకున్నాయి. మామూలుగా ఆ వేళకి ఆమె రెండు దవడలకి పళ్ళు నాటేసి ఉండేది. ఈరోజు ఒక్క పన్ను నాటలేదు. అది తలుచుకుంటే భయం వేయాలి. వేయలేదు. ఆకలి కూడా వేయలేదు. పద్దెనిమిదో ముక్కకి చెవులు పెట్టింది, కుందేలు అయింది. దాన్నీ నోట్లో పెట్టుకోబోయి, చెవులు అడ్డమొచ్చి, దాన్ని దీపం స్టాండు మీద కూర్చోబెట్టి పంతొమ్మిదోది చేసింది.

పంతొమ్మిదో ముక్కతోనూ కాదు, అది కూడా తీసేసి వట్టి నోటితో, ఏమీ అనుకోకుండా ఊదినప్పుడు వచ్చింది. సన్నగా, చిన్నగా, ఒకే ఒక్క స్వరం. గదిలో ఇంకెవరో ఊదారనుకుని ఆమె వెనక్కి తిరిగి చూసింది.

మళ్ళీ ఊదింది. వచ్చింది. నాలుక మొన కింది పళ్ళ మొదట్లో ఉంది, నాలుక వీపు పైకి లేచి ఉంది, గాలి పై పళ్ళ వెనక పల్చగా తగిలి పోతోంది. వేలు పెట్టి చూసుకుంది. అక్కడ. సరిగ్గా అక్కడ. పెన్సిల్ తీసి ప్లాస్టర్ దవడ మీద గీత గీసింది. రెండు పొట్టివి ఊదింది. ఒక పొడుగుది ఊదింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దీపం పొగ అనుకుందామంటే దీపం ఎప్పుడో ఆరిపోయింది.

కౌంటర్ అమ్మాయి తలుపు సందులోంచి తల పెట్టింది. "అక్కా, నువ్వేనా?"

"నేనే."

"ఇంకోసారి వెయ్యవూ?"

వేసింది. ఆ అమ్మాయి తాను కూడా ఊదబోయి ఉమ్మి చిందించింది. ఇద్దరూ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ముందు గది నుంచి డాక్టరు "ఏంటక్కడ?" అని అరిచేదాకా నవ్వారు.

తర్వాతి రెండు రోజులూ పళ్ళక్క లైన్‌మన్ పళ్ళు నాటింది. ముందు రెండు పళ్ళ మధ్య పోస్టుకార్డు ముక్క నిలబెట్టి, అటొకటి ఇటొకటి అతికించి, కార్డు లాగేసింది. పై పళ్ళ వెనక భాగాన్ని కాగితమంత పల్చన చేసింది. మైనం కరిగించి తీసేసి, దాని చోట గులాబీరంగు ప్లాస్టిక్ పిండి నింపి, అచ్చు మూత బిగించి, మరిగే నీళ్ళలో ఉడికిస్తూ పక్కన నిలబడి లైన్‌మన్ పాట ఊదుకుంది. మెట్లెక్కడం వచ్చింది. దిగడం వచ్చింది. మధ్యలో పైన తిరిగే ముక్క మాత్రం ఎన్నిసార్లు ఊదినా ఏదో తేడాగానే ఉంది.

సందు చూసి డాక్టరు కనుబొమలు ముడిచాడు. "ఇదేంటి, పళ్ళ మధ్య ఖాళీ వదిలేశారు?"

"ఆయనకి ముందు నుంచీ ఉందండీ."

"ఉంటే? మనం చేసేదైనా అందంగా ఉండొద్దా? సరే కానివ్వండి. నేను చెప్పింది గుర్తుందిగా."

శనివారం లైన్‌మన్ ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. పళ్ళక్క ఆయన్ని వెనక గదిలో కూర్చోబెట్టి, తానే పళ్ళు ఆయన నోట్లో పెట్టింది. ఇరవై ఆరేళ్ళలో తాను చేసిన పళ్ళు మనిషి మొహంలోకి వెళ్ళడం చూడటం ఆమెకు అదే మొదలు. లోపలికి పోయిన బుగ్గలు పైకి లేచాయి. ఆయన నాలుకతో అంతా తడిమి, ముందు సందు దగ్గర ఆగాడు. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఉందే! నా సందు ఉందే!"

"ఊదండి బాబాయిగారూ."

ఆయన పెదాలు చుట్టి ఊదాడు. గాలి. తల విదిలించి, నిటారుగా కూర్చుని మళ్ళీ ఊదాడు. గాలి. మూడోసారి, నాలుగోసారి. పై పెదవి ఒక పక్క వదులుగా అదురుతోంది. చుట్టుకుని నిలబడట్లేదు. పళ్ళక్క చూసింది. ఆయనకూ తెలిసిపోయింది. పెద్ద చేతులు రెండూ మోకాళ్ళ మీదికి వచ్చి ఊరుకున్నాయి.

"పళ్ళ తప్పు కాదమ్మా" అన్నాడు మెల్లిగా. "పెదాలు మాట వినట్లేదు. ఎనిమిది నెలల్లో మర్చిపోయినట్టున్నాయి. అనవసరంగా నిన్ను ఇన్నిసార్లు..."

లేవబోయాడు. లేస్తే ఇక రాడని పళ్ళక్కకు అర్థమైంది. ఇంటికి పోయి, ఆ తొందర మనుషుల మధ్య కూర్చుంటాడు. ఆమె ఏమీ ఆలోచించలేదు. ముందు గదిలో పదిమంది ఉన్నారు, తలుపు బార్లా తెరిచి ఉంది. పెదాలు చుట్టి ఊదింది.

పాట మెట్టెక్కింది. రెండో మెట్టెక్కింది. బయట మాటలు ఆగిపోయాయి. లైన్‌మన్ సగం లేచినవాడు అలాగే ఉండిపోయాడు. పైకి వెళ్ళింది పాట, తిరిగింది, దిగడం మొదలుపెట్టింది.

"ఆగాగు!" అన్నాడాయన చెయ్యెత్తి. "అక్కడ దిగకూడదు. అక్కడ నేనింకా స్తంభం మీదే ఉన్నాను."

"మరెప్పుడు దిగాలి?"

"పని అయ్యాక! వైరు బిగించాక. ఇంకో చుట్టు తిరగాలక్కడ." ఆయన ముక్కుతో తీసి చూపించాడు. ఆమె ఊదింది. "కాదు, తొందరపడుతున్నావు. తొందరపడితే చేతిలో పట్టుకారు జారుతుంది." మళ్ళీ ఊదింది. ఆయన కుర్చీలో పూర్తిగా కూర్చున్నాడు.

గుమ్మంలో డాక్టరు నిలబడి ఉన్నాడు. "ఏం జరుగుతోందిక్కడ? ఈల వస్తోందా ఆయనకి, లేదా?"

"రాలేదండీ" అంది పళ్ళక్క.

"అంటే మళ్ళీ సరిపోలేదా?"

ఆమె లైన్‌మన్ వంక చూసింది. ఆ పళ్ళంత చక్కగా ఏ నోట్లోనూ ఏ సెట్టూ కుదరలేదని ఆమెకు తెలుసు.

"సరిపోలేదు. తప్పు నాదే. కొంచెం కొంచెంగా సరిచేసుకుంటూ పోవాలి, ఒక్కసారితో తేలదు. ఆయన ప్రతి శనివారం రావాలి."

"నేనేం చెప్పానో..."

"గుర్తుంది. బయట ల్యాబ్‌కి ఇచ్చుకుంటే ఇచ్చుకోండి. మీ ఇష్టం. ఈయన సెట్టు మాత్రం నేనే చూస్తాను."

డాక్టరు ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. బయట ఎవరో "ఆవిడేనా ఈల వేసింది?" అంటున్నారు. చివరికి కౌంటర్ వైపు తిరిగి, "రాసుకో. శనివారం, పదకొండింటికి" అని వెళ్ళిపోయాడు.

లైన్‌మన్ గొంతు తగ్గించాడు. "పళ్ళు బాగానే ఉన్నాయి కదమ్మా?"

"బాగానే ఉన్నాయి."

"మరి నీ తప్పంటావేంటి? ఉద్యోగం మీదికి తెచ్చుకుని?"

"ఆ మధ్య ముక్క నాకు రావట్లేదు కదా. ఎవరు నేర్పుతారు?"

ఆయన గెడ్డం నిమురుకుని, గొంతు సవరించుకుని, పై అధికారిలా అన్నాడు: "అయితే శనివారం లోపు సాధన చెయ్యి. రోజూ పదిసార్లు. వంకలు చెప్పకూడదు."

"మీరూ చెయ్యాలి. పెదాలకి."

"చేస్తాలే. ఇంట్లోవాళ్ళు గాలి ఎక్కణ్ణించని వెతుక్కుంటారు."

సాయంత్రం బస్సు స్టాపులో జనం పెద్దగా లేరు. సోమవారానికి తన బల్ల తనకి ఉంటుందో లేదో పళ్ళక్కకు తెలియదు. ఇంటికి పోతే ఎదురుచూసేవాళ్ళు లేరు. అది కొత్త సంగతి కాదు. చేతిసంచి భుజానికి తగిలించుకుని, బస్సు వచ్చే వైపు చూస్తూ, పెదాలు చుట్టి ఊదింది. పాట ఎక్కింది, పైన ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టులో తడబడింది. పక్కన నిలబడ్డాయన ఆమె వంక వింతగా చూసి నాలుగడుగులు దూరం జరిగాడు. ఆమెకు చోటు కలిసొచ్చింది. సంచి కింద పెట్టి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.